ఆరు సెంటీమీటర్ల తోక: ఒక యాంటెన్నా కొలతలో ఫిక్స్చర్ తప్పును దిద్దిన కేసు

మే నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో రెండు ఫైళ్ళు, ఒక ఫోటో వచ్చాయి. కింద ఒక్క ముక్క: "అన్నా, యాంటెన్నాల లాట్ మొత్తం డమ్మీ అనుకుంటా. వెనక్కి పంపేద్దామా?"

పంపిన కుర్రాడు కాలేజీలో నాకు జూనియర్. ఇంకో స్నేహితుడితో కలిసి గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సెన్సార్లు చేస్తున్నాడు. టిక్కీల వరసల మధ్య ఉష్ణోగ్రత, తేమ చూసి, లోరా అనే తక్కువ పవర్ రేడియో మీద ఆఫీసు గదిలోని గేట్‌వేకి (సిగ్నళ్ళు అందుకునే పెట్టెకి) పంపే చిన్న డబ్బా అది. మన దగ్గర లైసెన్స్ అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, 866 దగ్గర నడుస్తుంది. బయటి యాంటెన్నా తగిలిస్తే చివరి చాంబర్ నుంచి కూడా సిగ్నల్ వస్తోంది. బోర్డు మీదే ఉన్న చిప్ యాంటెన్నాతో, అదీ మ్యాచింగ్ (యాంటెన్నాని రేడియోకి కావాల్సిన 50 ఓమ్స్‌కి సరిపెట్టే కాయిల్, కెపాసిటర్) పెట్టాక, ప్యాకెట్లు సగం పోతున్నాయి. మ్యాచింగ్ పెట్టకముందే కాస్త నయంగా ఉందని అతనే రాశాడు. నాకు అనుమానం పుట్టింది ఆ మాట దగ్గరే.

ఫైళ్ళు తెరిచాను. మొదటిది వీఎన్‌ఏ అనే మీటరుతో తీసిన యాంటెన్నా ఒక్కదాని కొలత: 866 దగ్గర ఇంపిడెన్స్ 100 - జె50 ఓమ్స్ (మొదటి అంకె రెసిస్టెన్స్; జె పక్కన అంకె ప్లస్ అయితే కాయిల్‌లా, మైనస్ అయితే కెపాసిటర్‌లా ఉన్నట్టు), రిటర్న్ లాస్ 7 డీబీ (ఇది ఎంత ఎక్కువైతే అంత తక్కువ పవర్ వెనక్కి వస్తున్నట్టు). దానికి సరిపడా లెక్క కట్టి యాంటెన్నా పక్కన భూమికి 1 పికోఫారడ్ కెపాసిటర్, దాని వెనక సిరీస్‌లో 11 నానోహెన్రీ కాయిల్ పెట్టాడు. లెక్కలో తప్పు లేదు, నేనూ వేసి చూశాను. నిజంగా 100 - జె50 అయితే ఆ రెండు ముక్కలతో 50 ఓమ్స్ దగ్గరికి వచ్చి కూర్చోవాలి. రెండో ఫైలు మ్యాచింగ్ తర్వాతది. రిటర్న్ లాస్ 20 దాటాల్సింది, 2 చూపిస్తోంది. మూడు రోజులు కాయిళ్ళు మార్చి మార్చి చూశాడట. ఆ మూడు రోజుల విసుగంతా "డమ్మీ" అన్న మాటలోనే ఉంది.

జవాబు మాత్రం ఫోటోలో ఉంది. బోర్డు మీద యాంటెన్నా ప్యాడ్‌కి గోధుమరంగు సన్న కోయాక్స్ ముక్క సోల్డర్ చేసి ఉంది. ఆర్‌జీ-178, దానికి అటు చివర ఎస్‌ఎమ్‌ఏ కనెక్టర్. బోర్డు వెడల్పుతో పోల్చి చూస్తే ఆరు సెంటీమీటర్లు ఉంటుంది. బోర్డు వైపు జడను (గ్రౌండ్‌గా పనిచేసే పై అల్లికను) వెనక్కి లాగి, లోపలి తీగను ఓ అయిదు మిల్లీమీటర్లు బయట పెట్టి ప్యాడ్‌కి అంటించాడు. దీన్ని అందరూ పిగ్‌టెయిల్ అంటారు, మా బల్ల దగ్గర తోక అంటాం. కొలత కోసం మధ్యలో తగిలించే ఇలాంటిదే ఫిక్స్చర్.

"కాలిబ్రేషన్ ఎక్కడ చేశావు?" అని అడిగాను.

"వీఎన్‌ఏ కేబుల్ చివర అన్నా. కిట్‌తో వచ్చిన ఓపెన్, షార్ట్, లోడ్ పెట్టి చేశాను."

"తోకకి?"

కాసేపు జవాబు లేదు. తర్వాత, "ఆరు సెంటీమీటర్లేగా అన్నా" అన్నాడు.

ఆ ఆరు సెంటీమీటర్ల లెక్క చూద్దాం. 866 మెగాహెర్ట్జ్‌కి గాలిలో తరంగదైర్ఘ్యం 346 మిల్లీమీటర్లు. టెఫ్లాన్ ఇన్సులేషన్ ఉన్న ఈ కేబుల్లో సిగ్నల్ కాంతి వేగంలో 70 శాతానికి కాస్త తక్కువగా పోతుంది, కాబట్టి కేబుల్ లోపల తరంగదైర్ఘ్యం దాదాపు 240. అందులో నాలుగో వంతు సరిగ్గా 60 మిల్లీమీటర్లు. అంటే అతను తనకు తెలియకుండా క్వార్టర్ వేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను మధ్యలో పెట్టి కొలిచాడు. క్వార్టర్ వేవ్ లైన్ ఇంపిడెన్స్‌ను తిరగేస్తుంది: 2500ను (50ని 50తో గుణించింది) అసలు విలువతో భాగిస్తే వచ్చేదే మీటరు చూపిస్తుంది. తక్కువ ఎక్కువవుతుంది, కాయిల్ కెపాసిటర్‌లా కనబడుతుంది. మీటరు చూపించిన 100 - జె50ను అలా వెనక్కి తిప్పితే 20 + జె10 వస్తుంది. ఇంపిడెన్స్‌ను గుండ్రటి పటంలో చుక్కగా చూపే స్మిత్ చార్ట్ మీద సరిగ్గా ఎదురు పక్క. కుడివైపు ఉన్న యాంటెన్నాకని మ్యాచింగ్ డిజైన్ చేసి, ఎడమవైపు ఉన్నదానికి తగిలించాడు.

మీటరు తప్పు ఇక్కడ ఇసుమంత లేదు. కేబుల్ చివర కాలిబ్రేట్ చేస్తే, కేబుల్ చివర ఏం కనిపిస్తుందో అది చెప్పింది. తోక కూడా యాంటెన్నాలో భాగమే అనుకుంది. రిఫరెన్స్ ప్లేన్ అంటే ఇంతే: స్టాండర్డ్ (ఓపెన్, షార్ట్, లోడ్ లాంటి తెలిసిన వస్తువు) ఎక్కడ పెట్టామో అక్కడి నుంచి అవతల ఉన్నదంతా మనం కొలుస్తున్న వస్తువు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మంగళగిరి మీదుగా ఆటోనగర్‌లోని మా షెడ్డుకి వచ్చాడు, మూడు బోర్డులు, తోకతో సహా. రోహిణీ కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు, పైన రేకు ఉన్న షెడ్డులో వీఎన్‌ఏ పరిస్థితి చెప్పనక్కర్లేదు. ఆ రోజు రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ మిషన్ వేడెక్కి నిలకడకి వచ్చేదాకా ఆగి కాలిబ్రేషన్ మళ్ళీ మొదటి నుంచి చేశాం. ఈ పని తెలిసినవాళ్ళకు ఆ బాధ తెలుస్తుంది.

వస్తూనే అతనొక సూచనతో వచ్చాడు. "అన్నా, తోక లాస్ ఎంతో కొలిచి డీబీలో తీసేస్తే సరిపోతుందిగా, యార్డులో గోతం బరువు తీసేసినట్టు?"

పోలిక బాగుంది, కానీ ఇక్కడ పనిచేయదు. గోతం బరువు మిర్చి బరువుకి కలుస్తుందంతే, కాబట్టి తీసివేత చాలు. తోకలో పోయిన తరంగం యాంటెన్నాకి కొట్టుకుని, మళ్ళీ తోకలోంచి వెనక్కి వస్తుంది. వచ్చేటప్పుడు సోల్డర్ జాయింట్ దగ్గర కొంత మళ్ళీ యాంటెన్నా వైపు తిరుగుతుంది. ఇది కూడిక కాదు, గుణకారమూ తిరగడమూ కలిసిన వ్యవహారం. పైగా ఈ కేబుల్లో ఆరు సెంటీమీటర్లకు ఒక వైపు లాస్ 0.1 డీబీ కూడా ఉండదు. కొంప ముంచింది లాస్ కాదు, ఫేజ్. డీబీలు తీసేసే పద్ధతిలో ఫేజ్ అసలు కనబడనే కనబడదు.

ముందు అందరూ చేసే పనే చేశాం, పోర్ట్ ఎక్స్‌టెన్షన్: తోకలో పట్టే డిలే ఎంతో మీటరుకి చెప్పి తీసేయించడం. తోకను ప్యాడ్ నుంచి ఊడదీసి, చివర గాలిలో వదిలేసి, 700 నుంచి 1000 మెగాహెర్ట్జ్ దాకా గీత మొత్తం స్మిత్ చార్ట్ కుడి చివర ఒక చుక్కలా ముద్దయ్యేదాకా డిలే పెంచాం. ఒక వైపు 288 పికోసెకన్లు వచ్చింది. 60 మిల్లీమీటర్లకు లెక్క ప్రకారం రావాల్సింది కూడా అంతే.

ఇక్కడ చాలామంది కాలు జారే గుంట ఒకటుంది. కొన్ని మిషన్లలో పోర్ట్ ఎక్స్‌టెన్షన్ అంటే ఒక వైపు డిలే ఇవ్వాలి, మిషనే రెండింతలు చేసుకుంటుంది. ఎలక్ట్రికల్ డిలే అన్న మెనూలో అయితే రిఫ్లెక్షన్ కొలతకి పోను రాను మొత్తం మనమే ఇవ్వాలి. చిన్న నానోవీఎన్‌ఏల్లో ఉండేది ఈ రెండోదే. ఈ తేడా తెలియక సగం డిలేతో సరిపెట్టుకున్నవాళ్ళను చూశాను. కేబుల్ పొడవుతో లెక్క సరిచూసుకుంటే రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది.

ఓపెన్‌తో పని అయిపోయిందని అతను అనుకున్నాడు. నేను అదే తోక చివర తీగను జడకి సోల్డర్ చేసి షార్ట్ పెట్టించాను. ఇప్పుడు ఎడమ చివర ముద్ద కావడానికి ఎంత డిలే కావాలో చూస్తే 358 వచ్చింది. ఒకటే తోక, రెండు పొడవులు!

ఆ 70 పికోసెకన్ల తేడా అంతా జడ వెనక్కి లాగిన అయిదు మిల్లీమీటర్లది. అక్కడ తీగ ఒంటరిగా ఉంది, చుట్టూ గ్రౌండ్ లేదు, కాబట్టి అది 50 ఓమ్స్ లైన్ కాదు, సిరీస్‌లో ఒక కాయిల్. చివర ఓపెన్ అయినప్పుడు అక్కడ కరెంటు ఉండదు, కాబట్టి కాయిల్ ఉన్నా లేనట్టే. షార్ట్ అయినప్పుడు కరెంటు గరిష్ఠం, కాయిల్ పూర్తిగా బయటపడుతుంది. 866 దగ్గర 70 పికోసెకన్లంటే పోను రాను 44 డిగ్రీలు. అందులో సగానికి టాంజెంట్ తీసి 50తో గుణిస్తే 20 ఓమ్స్. మిల్లీమీటరుకు ముప్పాతిక నానోహెన్రీ వేసుకున్నా ఇంచుమించు అంతే వస్తుంది. 20 ఓమ్స్ రెసిస్టెన్స్ ఉన్న యాంటెన్నా ముందు 20 ఓమ్స్ కాయిల్ అంటే, తూకంలో మిర్చితో సమానంగా రాయి పెట్టినట్టు.

పోర్ట్ ఎక్స్‌టెన్షన్‌కి ఈ కాయిల్ కనిపించదు. తోకంతా నిఖార్సైన 50 ఓమ్స్ లైన్ అన్న నమ్మకం మీద అది నడుస్తుంది. ఓపెన్ డిలేతో దిద్దితే వచ్చేది 20 + జె10. ఇందులో జె20 మనం కలిపిన కాయిల్‌దే, కాబట్టి అసలు యాంటెన్నా 20 - జె10 కావాలి. ఆ సగం దిద్దుబాటునే నమ్మి మ్యాచింగ్ చేసి ఉంటే ఏమయ్యేదో తర్వాత లెక్క వేశాను: రిటర్న్ లాస్ మళ్ళీ 7 డీబీయే. ఏ మ్యాచింగూ లేకుండా ఉన్న యాంటెన్నాది కూడా 7 డీబీయే. కష్టపడి మొదలుపెట్టిన చోటికే వచ్చి చేరేవాళ్ళం, ఇంకో మూడు రోజులు యాంటెన్నాని తిట్టుకుంటూ.

అందుకే డిలే పద్ధతి వదిలేసి, స్టాండర్డ్‌లను బోర్డు మీదకే తీసుకెళ్ళాం. బోర్డులో మ్యాచింగ్ కోసం వేసిన ప్యాడ్లు ఉన్నాయి: మధ్యలో ఒక సిరీస్, దానికి అటూ ఇటూ ఒక్కో షంట్ (లైన్ నుంచి భూమికి). తోకను రేడియో చిప్ వైపు ప్యాడ్‌కి గట్టిగా సోల్డర్ చేశాం. ఈసారి జడను ప్యాడ్ పక్కనే గ్రౌండ్‌కి అంటించి, బయటపడ్డ తీగను ఒక మిల్లీమీటరుకి కుదించాం. దాని మీద ఓ చుక్క హాట్ గ్లూ వేశాం, ఇక పని అయ్యేదాకా కదలకుండా. సిరీస్ ప్యాడ్ ఖాళీగా వదిలితే ఓపెన్. రేడియో వైపు షంట్ ప్యాడ్ మీద రాగి రేకు ముక్క అంటిస్తే షార్ట్. రేకు తీసి, 100 ఓమ్స్ 0402 సైజు రెసిస్టర్లు రెండు ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే లోడ్. మల్టీమీటర్ 49.8 చూపించింది, చాలు.

ఈ మూడు కొలతలతో మూడు తెలియనివి తేలతాయి: డైరెక్టివిటీ, సోర్స్ మ్యాచ్, రిఫ్లెక్షన్ ట్రాకింగ్. తోక, కనెక్టర్, సోల్డర్ ముద్ద, మిగిలిన ఆ మిల్లీమీటరు తీగ, అన్నీ కలిసి ఒక పెట్టె అనుకోండి. మీటరు చూసే రిఫ్లెక్షన్‌లో పెట్టె ముఖం మీంచే తిరిగొచ్చేది కొంత, లోపలికి పోయి వచ్చేది కొంత, పెట్టె వెనక గోడకి తగిలి మళ్ళీ మళ్ళీ తిరిగేది కొంత. మూడు తెలిసిన వస్తువులు పెట్టి చూస్తే ఆ మూడింటినీ విడదీయొచ్చు. పెట్టె లోపల ఏముందో, ఎంత వంకరగా ఉందో మనకి అక్కర్లేదు. అక్కర్లేదంటే ఒక్క షరతు మీద: మూడు కొలతల్లోనూ, ఆ తర్వాత యాంటెన్నా కొలతలోనూ పెట్టె మారకూడదు. తోకను ఊడదీసి మళ్ళీ అతికిస్తే అది వేరే పెట్టె. హాట్ గ్లూ అందుకే.

మిగిలిన తప్పు గురించి కూడా చెప్పాలి. రాగి రేకు షార్ట్ అసలు షార్ట్ కాదు, దాని పక్కన వయా (బోర్డు పొరలను కలిపే రంధ్రం) ఉంది, ఎలా చూసినా అర నానోహెన్రీ ఉంటుంది. 866 దగ్గర అది రెండు మూడు ఓమ్స్. ఈ పనికి ఆ తప్పు నాకు సమ్మతమే. 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఇదే పద్ధతి వాడితే ఒప్పుకోను.

నా బల్ల దగ్గర ఒక నియమం ఉంది: కాలిబ్రేషన్‌లో వాడని ఒక వస్తువును కొలవకుండా ఆ కాలిబ్రేషన్‌ను నమ్మను. ఓపెన్, షార్ట్, లోడ్ మళ్ళీ పెట్టి చూసుకుని "పర్ఫెక్ట్‌గా ఉంది" అనడం మన పరీక్ష పేపరు మనమే దిద్దుకోవడం లాంటిది. వాటికి అలా కనబడేలాగే మిషన్ లెక్క కట్టింది మరి. షంట్ ప్యాడ్ మీద 22 ఓమ్స్ రెసిస్టర్ పెట్టాం. 22.3 + జె1.8 చూపించింది. అప్పుడే మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాను.

ఇంకా గట్టి పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. రెండు పోర్టుల ఫిల్టర్ అయితే టీఆర్‌ఎల్ (త్రూ, రిఫ్లెక్ట్, లైన్) కాలిబ్రేషన్ నాకు ఇష్టం, దానికి లోడ్ అక్కర్లేదు, లైన్ పొడవు తేడా చాలు. కానీ 866 దగ్గర ఎఫ్‌ఆర్4 (మామూలు బోర్డు పదార్థం) మీద ఆ తేడా క్వార్టర్ వేవ్ కావాలంటే దాదాపు 48 మిల్లీమీటర్లు అదనపు బోర్డు వేయాలి, మా బోర్డే అంతకంటే కాస్త పెద్దది. రెండు ఫిక్స్చర్లను ఎదురెదురుగా కలిపి ఒక త్రూ చేసి, దాన్ని కంప్యూటర్‌లో సగానికి చీల్చి తీసేసే పద్ధతి ఇంకొకటి. 2020లో వచ్చిన ఐఈఈఈ 370 ప్రమాణంలో ఇది ఉంది, పైథాన్‌లో ఉచితంగా దొరికే సైకిట్ ఆర్‌ఎఫ్‌లోనూ ఉంది. కుడి ఎడమ సగాలు ఒకేలా అచ్చైన బోర్డు మీద ఉన్నప్పుడు, గిగాహెర్ట్జ్‌లు పెరిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది. చేత్తో అతికించిన తోకకి జోడీగా అచ్చం అలాంటి తోకే ఇంకొకటి అతికిస్తానని ఎవరైనా అంటే నేను నమ్మను.

షంట్ ప్యాడ్ ఖాళీ చేసి, సిరీస్ ప్యాడ్ మీద రాగి ముక్క వేసి యాంటెన్నాని కలిపాం. 20 - జె10, ఒకటి అర అటూ ఇటూగా. పాత తోక లెక్క నుంచి ఊహించినదీ ఇదే. రెండు దారుల్లో వచ్చి ఒకే చోట కలిశాం.

ఇప్పుడు పాత మ్యాచింగ్ ఏం చేస్తోందో తేలిపోయింది. 20 - జె10కి 1 పికోఫారడ్, 11 నానోహెన్రీ తగిలిస్తే రేడియోకి కనబడేది దాదాపు 18 + జె48. పంపిన పవర్‌లో సగం దాకా వెనక్కి వస్తుంది, నష్టం 2.9 డీబీ. అసలు ఏమీ పెట్టకపోతే పోయేది 1 డీబీ. మ్యాచింగ్ లేనప్పుడే నయం అన్న మాట అక్షరాలా నిజం.

కొత్త మ్యాచింగ్ తలకిందులుగా ఉంటుంది: యాంటెన్నా వైపు సిరీస్‌లో 6.2 నానోహెన్రీ, రేడియో వైపు భూమికి 4.7 పికోఫారడ్. అదృష్టం కొద్దీ బోర్డులో రేడియో వైపు కూడా షంట్ పెట్టే చోటు ఉంది. కాయిల్ దగ్గర నేను మొండికేశాను, చుట్టిన తీగ రకమే పెట్టాలని. మల్టీలేయర్ రకంలో క్యూ (ఎక్కువైతే నష్టం తక్కువని చెప్పే అంకె) తక్కువ, 34 ఓమ్స్ రియాక్టెన్స్‌కి దాదాపు 2 ఓమ్స్ రెసిస్టెన్స్ వచ్చేస్తుంది. ఎదురుగా ఉన్నది 20 ఓమ్స్ యాంటెన్నా. పవర్‌లో పదో వంతు దాకా కాయిల్ తినేస్తుంది, రిటర్న్ లాస్ గ్రాఫ్ మాత్రం ఇంకా అందంగా కనబడుతుంది. పెట్టాక 866 దగ్గర 18 డీబీ వచ్చింది. కాగితం మీద 30 రావాలి, 18తో నాకు పేచీ లేదు.

అతను ఫోటో తీసుకోబోయాడు. నేను చెయ్యి చాచి వీఎన్‌ఏ కేబుల్‌ని పట్టుకున్నాను. స్క్రీన్ మీద రిటర్న్ లాస్ గీతలోని గుంట పక్కకి జరిగింది. "అన్నా, వదిలెయ్!" అన్నాడు, ఏదో పాడైపోయినట్టు.

ఇంత చిన్న బోర్డుకి గ్రౌండ్ చాలదు. యాంటెన్నా తనకి కావాల్సిన మిగతా గ్రౌండ్‌ని కేబుల్ జడ బయటి మీంచి లాక్కుంటుంది. అప్పుడు మనం కొలుస్తున్నది యాంటెన్నా ప్లస్ మీటరు కేబుల్. ఏ కాలిబ్రేషనూ దీన్ని తీయలేదు, ఎందుకంటే ఇది లైన్ లోపల జరగడం లేదు. తోక మొదట్లో, బోర్డుకి ఆనుకుని మూడు ఫెర్రైట్ గొట్టాలు ఎక్కించాం. పట్టుకుంటే గుంట కదలడం చాలావరకు ఆగింది. ఫెర్రైట్లతో మొత్తం మళ్ళీ కొలిస్తే యాంటెన్నా 17 - జె13 అయింది. దాని ప్రకారం కాయిల్ 6.8, కెపాసిటర్ 5.1 కావాలి. కానీ ఉన్నవాటితోనే రిటర్న్ లాస్ 19 వస్తోంది. మార్చలేదు. తీసిన బోర్డు ఎన్నిసార్లు సోల్డర్ చేస్తే అంత ప్యాడ్ లేచిపోతుంది, దానికంటే ఆ తేడా పెద్దది కాదు.

ఇంకొకటి మర్చిపోయాను. ఈ కొలతలన్నీ బ్యాటరీ పెట్టి, ప్లాస్టిక్ డబ్బా మూత వేసి, తోక కోసం మూతకి చిన్న గాటు పెట్టి తీసినవి. అతని పాత కొలతలు మూత లేకుండా తీసినవట. అది వేరే కథ.

వారం తర్వాత గుంటూరు వెళ్ళాను. లోపల చలి, బయట నిప్పులు. డబ్బా బయటికి తెచ్చిన ప్రతిసారీ మీద నీటి పొర పట్టేసేది, అది ఆరేదాకా కొలతలు ఆపాం. ఒకే డబ్బాలో పాత బోర్డు, కొత్త బోర్డు మార్చి మార్చి పెట్టి, చివరి చాంబర్లో ఇరవై చోట్ల ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సిగ్నల్ బలం) రాసుకున్నాం. ఒక్కో చోట తేడా అటూ ఇటూ ఊగింది, అడుగు పక్కకి జరిగితే మారిపోయే చోటు అది. సగటున కొత్తది 3 డీబీ చుట్టూ ఎక్కువ. పేపరు లెక్క కంటే కాస్త ఎక్కువే, రేడియోకి 50 ఓమ్స్ దగ్గర లోడ్ కనబడటం వల్ల పవర్ కూడా పూర్తిగా వస్తోందని నా అంచనా. ప్యాకెట్లు పోవడం దాదాపు ఆగింది. ఒక్క మూల మాత్రం ఇంకా మొండికేసింది. అక్కడ ఇనుప తలుపు అడ్డం. గేట్‌వేని తలుపుకి ఇటువైపు గోడకి మార్చాక అదీ వచ్చింది, దానికీ యాంటెన్నాకీ సంబంధం లేదు.

యాంటెన్నాల లాట్ వెనక్కి పంపలేదు. అతని బల్ల మీద ఇప్పుడొక పాత బోర్డు ఉంది, తోక, హాట్ గ్లూ, ఫెర్రైట్లతో సహా. పక్కన చిన్న డబ్బీలో రాగి రేకు, పేర్చిన రెసిస్టర్లు, ఒక 22 ఓమ్స్. కొత్త బోర్డు ఏది వచ్చినా దాని మీద ఇదే తంతు మొదటి నుంచి చేస్తున్నాడు. పోయిన నెల ఫోన్ చేసి 22కి బదులు 19.6 వస్తోందన్నాడు. లోడ్ రెసిస్టర్లలో ఒకటి చిట్లింది.